పాత బండికి ఫుల్ ఇన్సూరెన్స్ దండగేనా?

విజయవాడలో ఉండే మా బావగారి కారుకు ఎనిమిదేళ్లు. 1,200 సీసీ పెట్రోలు బండి. ఈ ఏడాది పాలసీ గడువు దగ్గర పడగానే తెలిసిన ఏజెంటు ఆయనకు రెండు లెక్కలు పంపాడు. థర్డ్ పార్టీ ఒక్కటే అయితే నాలుగు వేల చిల్లర, ఫుల్ ఇన్సూరెన్స్ అయితే ఎనిమిది వేల పైన. కింద ఒక ఉచిత సలహా కూడా: "పాత బండికి ఫుల్ దండగండీ." బావగారు వాటిని నాకు పంపి వెంటనే ఫోను చేశారు. "అమ్మితే రెండున్నర లక్షలు కూడా రాని బండికి ఏటా ఎనిమిది వేలు ఎందుకు పొయ్యాలి, నువ్వే చెప్పు" అన్నారు.

ఈ మాట నాకు కొత్త కాదు. ఐదేళ్లు దాటిన కారున్నవాళ్లలో సగం మంది ఇదే అంటారు. బండి ధర పడిపోతోంది కాబట్టి ఇన్సూరెన్సూ తగ్గించుకోవాలన్నది వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. చిక్కేమిటంటే ఈ వాదనంతా బండి చుట్టూనే తిరుగుతుంది. నా దృష్టిలో కారు పాలసీలో అన్నిటికన్నా చిన్న వస్తువు కారే. రెండున్నర లక్షల బండి రేపు పొద్దున పూర్తిగా పోతే బావగారు బాధపడతారు, కొన్నాళ్లు బస్సుల్లో ఆటోల్లో తిరుగుతారు, తర్వాత ఇంకో పాత బండి చూసుకుంటారు. ఇల్లు అమ్ముకోవలసిన అవసరం రాదు. ఆ అవసరం ఎక్కడి నుంచి రాగలదో వెతికి అక్కడ డబ్బు పెట్టాలి, మిగతా చోట్ల పిసినారితనం చూపినా ఫరవాలేదన్నది నా అభిప్రాయం. అది ఎంతవరకు నిలుస్తుందో బావగారి పాలసీ మీదే పెట్టి చూశాను. కొన్ని చోట్ల నిలవలేదు.

3,416 రూపాయలకు వచ్చేది ఏమిటి?

1,000 నుంచి 1,500 సీసీ మధ్య ఉన్న సొంత కారుకు ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం 3,416 రూపాయలు. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన రేటు ఇది. కేంద్రం నిర్ణయించే ధర కాబట్టి ఏ కంపెనీకి వెళ్లినా ఇంతే, బేరానికి తావు లేదు. 18 శాతం జీఎస్టీ కలిపితే 4,031. దీనికి బదులుగా, మన బండి తగిలి బయటి మనిషి చనిపోయినా గాయపడినా ట్రిబ్యునల్, అంటే ప్రమాద పరిహారం తేల్చే కోర్టు, వేసిన పరిహారం కంపెనీ కట్టాలి. ఎంత వేస్తే అంత. పైన పరిమితి లేదు.

పరిమితి లేదన్న మాటకు ఎంత బరువుందో అంకెల్లో చూస్తేనే తెలుస్తుంది. చనిపోయిన మనిషికి 34 ఏళ్లు, పన్ను పోగా నెలకు 60 వేల జీతం, స్థిరమైన ఉద్యోగం, ఆయన మీద ఆధారపడినవాళ్లు నలుగురు అనుకుందాం. 2009లో సరళా వర్మ కేసులోనూ, 2017లో ప్రణయ్ సేథీ కేసులోనూ సుప్రీంకోర్టు స్థిరపరచిన పద్ధతిలో లెక్క ఇలా సాగుతుంది. ఏడాది జీతం 7,20,000. ముందు ముందు పెరగబోయే ఆదాయం కింద అందులో సగం కలిపితే 10,80,000. ఆయన సొంత ఖర్చుల కింద నాలుగో వంతు తీసేస్తే 8,10,000. ఆ వయసుకు గుణకం 16. మొత్తం 1,29,60,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు వంటివి, వడ్డీ దీనికి అదనం. అదే వయసున్న, నెలకు 20 వేలు సంపాదించే ఆటో డ్రైవరు విషయంలో 40 శాతమే కలుపుతారు. అయినా 40 లక్షలు దాటుతుంది.

తప్పు మన బండిది అయ్యి, పాలసీ లేకపోతే ఈ సొమ్మంతా యజమాని తలమీద పడుతుంది. ఇల్లు అమ్ముకునే పరిస్థితి అంటే ఇదే. విచిత్రం ఏమిటంటే, దేశంలో తిరిగే బండ్లలో సగానికి పైగా ఇన్సూరెన్స్ లేనివే. కట్టేవాళ్లలో కూడా చాలామంది చలానాకు భయపడి కడతారు. ఇన్సూరెన్స్ లేకుండా మొదటిసారి దొరికితే జరిమానా 2,000, మూడు నెలల వరకు జైలు కూడా వెయ్యవచ్చు. జైలు మాట ఎలాగూ ఎవరూ నమ్మరు. 2,000 జరిమానా, 4,031 ప్రీమియం పక్కపక్కన పెట్టి చూసుకుంటే తనిఖీకి దొరకనప్పుడల్లా లాభమేనని అనిపిస్తుంది. కోటీ ముప్ఫై లక్షల లెక్క ఎవరి ముందూ ఉండదు.

ఈ భాగంలో మనం పెంచుకోగలిగేది, తగ్గించుకోగలిగేది దాదాపు లేదు. ఇతరుల ఆస్తికి జరిగే నష్టానికి మాత్రం ఏడున్నర లక్షల పరిమితి ఉంది. వంద రూపాయలు తగ్గుతుందని దాన్ని ఆరు వేలకు కుదించుకునే వీలు కూడా పాలసీల్లో ఉంటుంది. దయచేసి ఆ జోలికి వెళ్లకండి. ఈ రోజుల్లో ఆరు వేలకు పక్కవాడి కారు హెడ్‌లైటు కూడా రాదు.

ఇంకో సంగతి. ఇక్కడ అసలు పరిమితి షరతుల రూపంలో ఉంటుంది. బండి నడిపినవాడికి లైసెన్సు లేకపోతే, కంపెనీ బాధితులకు కట్టి, ఆ డబ్బు యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చని కోర్టులు తీర్పులిస్తుంటాయి. మన పెళ్లిళ్లలో చూడండి. "ఒరేయ్, పెదనాన్న బస్టాండులో దిగారట, పోయి తీసుకురా" అని ఇంటర్ చదివే కుర్రాడి మీదికి తాళాలు విసిరేస్తారు. బంపర్ టు బంపర్ (భాగాల వయసు కోత లేకుండా రిపేరు ఖర్చు ఇచ్చే పాలసీ) కట్టించాం కదా అన్న ధీమా ఉన్న మామయ్యలే ఆ పని చేస్తారు.

బండిలో కూర్చున్నవాళ్లు

ఇక్కడిదాకా వింటే బావగారి మాటే గెలిచినట్టు కనిపిస్తుంది. ఇంటిని కాపాడే భాగం థర్డ్ పార్టీలోనే ఉన్నప్పుడు ఇంకో నాలుగు వేలు ఎందుకు? ఆయనా అదే అన్నారు.

చాలామందికి తెలియని మెలిక ఇక్కడ ఉంది. థర్డ్ పార్టీ మాత్రమే ఉన్న పాలసీని కోర్టు భాషలో యాక్ట్ పాలసీ అంటారు. చట్టం తప్పనిసరి చేసినంత వరకే అది చూసుకుంటుంది. సొంత బండిలో ఊరికే కూర్చుని వచ్చే మనిషి ఆ తప్పనిసరిలోకి రారని సుప్రీంకోర్టు 2006లో తిలక్ సింగ్ కేసులో తేల్చింది. 2012లో బాలకృష్ణన్ కేసులో మరో ముక్క స్పష్టం చేసింది. యాక్ట్ పాలసీ అయితే కారులో ఉన్నవాళ్లకు వర్తించదు, ప్యాకేజీ పాలసీ, అంటే మనం ఫుల్ ఇన్సూరెన్స్ అనేది అయితే వర్తిస్తుంది. నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏ కూడా 2009లోనే కంపెనీలకు ఈ మాట రాసింది.

బావగారు కారు తీసేది ఎప్పుడు? ఒంటరిగా ఆఫీసుకు వెళ్లడానికి స్కూటరు ఉంది. కారు బయటికి వచ్చిందంటే అందులో మా అక్క, పిల్లలు, ఒక్కోసారి పక్కింటి మాస్టారు దంపతులు ఉంటారు. శ్రీశైలం ఘాట్ రోడ్డు, తిరుపతి, ఊళ్లో జాతర. రాత్రి రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీని గుద్దుకునో, డివైడర్ ఎక్కో జరిగే ప్రమాదాల వార్తలు రోజూ చదువుతున్నాం. ఎదుటి బండి తప్పుంటే దాని కంపెనీ కడుతుంది, నిజమే. మన బండే అదుపు తప్పితే పక్కింటి మాస్టారి కుటుంబానికి ఎవరు కట్టాలి? మళ్లీ అదే గుణకం, అదే లెక్క. ఈసారి అటువైపు నిలబడి అడిగేది మన వీధివాళ్లే.

ఈ ఒక్క కారణం చేత ఆ తేడా నాలుగు వేలకు నేను ఒప్పుకుంటాను. రెండున్నర లక్షల రేకుల కోసం అయితే ఒప్పుకోనక్కర్లేదు. నిజానికి నాకు ఒళ్లు మండేది కూడా ఇక్కడే. దారిన పోయే అపరిచితుడికి తప్పనిసరి చేసిన రక్షణను, మన పక్క సీటులో కూర్చున్న తల్లికి ఇవ్వాలంటే బండి డోరు సొట్టకూ బీమా కొనాల్సి రావడం ఏమి న్యాయం? ఆ రెంటినీ విడదీసి అమ్మితే పాత బండ్లవాళ్లు ఎంతోమంది కొనుక్కుంటారు.

యజమానికి మాత్రం ఈ రెండు పాలసీల్లోనూ దక్కేది తక్కువే. తన బండిని తనే నడిపి ప్రమాదం చేసుకుంటే, విడిగా కట్టే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమాయే దిక్కు. మనిషి ప్రాణానికి కారు పాలసీలో చోటు వెతకడం వృథా. అది టర్మ్ పాలసీ అనే జీవిత బీమా పని. బావగారికి అది ఉంది, అందుకని ఆ చర్చ పొడిగించలేదు.

రేకుల సంగతి

ఇక బండి. ఐదేళ్లు దాటిన బండికి ఐడీవీ, అంటే పాలసీలో రాసే బండి విలువ, ఎంతో కంపెనీ, మనం మాట్లాడుకుని నిర్ణయించుకోవచ్చు. ప్రీమియం తగ్గించడానికి ఏజెంట్లు మొదట కత్తెర వేసేది దీనికే. బావగారికి కూడా 1,80,000కు తగ్గిస్తానన్నాడు. బండి దొంగిలిస్తే అంతే వస్తుందన్నది అందరికీ తెలుసు. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే బండిని మొత్తం నష్టం కింద కట్టేస్తారన్నది ఆ సమయానికి గుర్తు రాదు. రెండున్నర లక్షల ఐడీవీకి ఆ గీత 1,87,500 దగ్గర ఉంటుంది. 1,80,000కు తగ్గిస్తే 1,35,000 దగ్గరికి దిగుతుంది. ముందు భాగం గట్టిగా తగిలి ఎయిర్ బ్యాగులు తెరుచుకుంటే ఆ మాత్రం బిల్లు సులువుగా అవుతుంది. బాగు చేసుకుని ఇంకో ఐదేళ్లు తిప్పగలిగే బండికి 1,80,000 చేతిలో పెట్టి దండం పెడతారు. ఏడాదికి మిగిలేది ఏ వెయ్యో. ఈ కత్తెర నాకు నచ్చలేదు. అలాగని బండి బజారు ధరకన్నా ఎక్కువ రాయించుకోవడంలోనూ అర్థం లేదు.

బంపర్ టు బంపర్ ఎనిమిదేళ్ల బండికి చాలా కంపెనీలు ఇవ్వవు, అందుకని బావగారికి ఆ సమస్య రాలేదు. కొత్త బండ్లవాళ్లకు వస్తుంది. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగం ఖర్చే ఇస్తారు. ఇనుప భాగాలకు వయసును బట్టి కోత పెరుగుతూ పోతుంది, ఐదు నుంచి పదేళ్ల బండికి 40 శాతం. నేటి కార్లలో ముందూ వెనకా కనిపించేదంతా ప్లాస్టిక్కే.

నా సూత్రం ప్రకారం ఇది చిల్లర నష్టం, కాబట్టి అక్కర్లేదు అనాలి. మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు ఒకడు నా నోరు మూయించాడు. "సార్, జీతంలో సగం కారు లోను ఈఎంఐకే పోతుంది. నలభై వేల బిల్లు మీకు చిల్లర, నాకు మూడు నెలల అప్పు" అన్నాడు. వాడన్నది నిజం. తేరుకోలేని నష్టం ఎంత అన్నది బండిని బట్టి కాక బ్యాంకు ఖాతాను బట్టి ఉంటుంది. అలాగైతే కవరేజీ ఎక్కువ అవసరమైనవాడు డబ్బు తక్కువ ఉన్నవాడే, ప్రీమియం భారంగా తోచేదీ వాడికే. దీనికి నా దగ్గర సమాధానం లేదు. అంత చిన్న పొదుపు మీద అంత పెద్ద కారు కొనకుండా ఉండాల్సింది అనవచ్చు గానీ, కొన్నాక చెప్పే సలహా కాదు అది.

క్లెయిమ్ చెయ్యడం ఎప్పుడు గిట్టుతుంది?

బావగారికి నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చెయ్యకుండా గడిపిన ఏళ్లకు ఇచ్చే తగ్గింపు, 50 శాతం ఉంది. సొంత నష్టం భాగానికి, అంటే మన బండికి జరిగే నష్టం చూసుకునే భాగానికి, అసలు ప్రీమియం 8,000 అనుకుంటే ఆయన కట్టేది 4,000. ఒక్క క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడాది బోనస్ సున్నా, 8,000 కట్టాలి. ఆ తర్వాత బోనస్ 20, 25, 35, 45 శాతాలుగా పెరుగుతూ 50కి చేరేసరికి వరుసగా 6,400, 6,000, 5,200, 4,400. మామూలుగా కట్టే 4,000 కన్నా ఎక్కువ కట్టినదంతా కూడితే సరిగ్గా 10,000, జీఎస్టీ కాకుండా. ఏటా ఐడీవీ తగ్గుతుంది కాబట్టి అసలు అంకె కొంచెం తక్కువే ఉండవచ్చు. ఏమైనా పది వేల లోపు దెబ్బకు కంపెనీ దగ్గరికి వెళ్లడం తెలివైన పని కాదు. బెంజి సర్కిల్ దగ్గర వెనక నుంచి ఆటో తగిలితే తెలిసిన మెకానిక్ దగ్గర డెంటింగ్, పెయింటింగ్ చేయించుకుని ఊరుకోవడమే మేలు.

ఎలాగూ పది వేలదాకా మనమే భరిస్తున్నప్పుడు, ఆ మాట కంపెనీకి రాసిచ్చి తగ్గింపు తీసుకుంటే పోలేదా అని నాకు మొదట అనిపించింది. స్వచ్ఛందంగా కొంత నష్టం మనమే భరిస్తామని ఒప్పుకుంటే ప్రీమియం తగ్గిస్తారు. చాలాచోట్ల ఇంకా నడుస్తున్న పాత టారిఫ్ ప్రకారం 7,500 భరిస్తామంటే 30 శాతం, కానీ 2,000కు మించకుండా. పుస్తకాల్లో చదివిన సూత్రం ప్రకారం ఇది కళ్లకద్దుకోవాల్సిన బేరం. కానీ బోనస్ లెక్కించేది ఈ తగ్గింపు పోయాకే. 50 శాతం బోనస్ ఉన్నవాళ్లకు ఆ 2,000లో నిజంగా మిగిలేది వెయ్యి. ఏడాదికి వెయ్యి చొప్పున ఏడున్నరేళ్లు పెద్ద క్లెయిమ్ లేకుండా గడిస్తేనే సరికి సరి. సూత్రం మంచిదే, మన దగ్గర దానికి కట్టిన ధర మంచిది కాదు. వదిలేశాం.

నీళ్లు

2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి నీళ్లు వచ్చాయి. నీళ్లు తోడేశాక మూడో అంతస్తు ఆయన బండి బాగుందో లేదో చూద్దామని స్టార్టు చేశారు. ఇంజిన్‌లో నీళ్లున్నాయి. సీట్లకూ వైరింగుకూ నష్టం అంచనా వేసే సర్వేయర్ ఒప్పుకున్నారు, దెబ్బతిన్న ఇంజిన్‌కు ఒప్పుకోలేదు. వరద వల్ల పాడైంది వేరు, నీళ్లున్నాయని తెలిసీ తిప్పడం వల్ల పాడైంది వేరు అని వాళ్ల వాదన. పాలసీకి అదనంగా కొనుక్కునే ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్ ఆన్ ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు. పక్క స్లాటులో అదే మోడల్ ఉన్నాయన బండిని ముట్టుకోకుండా లాగించుకుపోయారు. ఆయన ఇంజిన్‌ను విప్పి శుభ్రం చేస్తే సరిపోయింది.

ఈ యాడ్ ఆన్ కొనాలో వద్దో బండి చెప్పదు, చిరునామా చెబుతుంది. విశాఖలో కొండ మీద ఇల్లున్నవాళ్లకు దాదాపు అక్కర్లేదు, హైదరాబాద్‌లో చెరువు కింద సెల్లార్ ఉన్నవాళ్లకు మొదట అదే కావాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచినప్పుడు ఈ తేడా బాగా తెలిసింది. బావగారి వీధి దాకా ఆ నీళ్లు రాలేదు. వచ్చి ఉంటే, థర్డ్ పార్టీ మాత్రమే ఉన్నవాళ్లకు ఒక్క రూపాయీ వచ్చేది కాదు. ఇంజిన్ సంగతి సరే, సీటు కవరుకు కూడా.

ఇంత చెప్పాక కూడా బావగారి వైపు మిగిలిన బలమైన మాట ఒకటుంది. "ఎనిమిదేళ్లుగా కడుతున్నాను, ఒక్క క్లెయిమ్ చెయ్యలేదు. ఆ సొంత నష్టం డబ్బు దాచుకుని ఉంటే ఈపాటికి బండి ధరలో మంచి వాటా అయ్యేది." ఇది కాదనలేను. కారులో ఎప్పుడూ ఒంటరిగా వెళ్లే మనిషి, వరద రాని వీధి, బ్యాంకులో రెండు మూడు లక్షలు కదలకుండా ఉన్నాయి అంటే ఎనిమిదేళ్ల బండికి థర్డ్ పార్టీతో సరిపెట్టుకోమనే నేనూ చెబుతాను. ఏజెంటు సలహా అలాంటి మనిషికి సరైనదే. ఆయన మా బావగారిని అడగకుండా బండి వయసును అడిగి చెప్పాడు, అంతే.

చివరికి ఐడీవీ రెండున్నర లక్షల దగ్గరే ఉంచి ప్యాకేజీ తీసుకున్నారు. తాళం పోతే ఇచ్చేది, సామాను పోతే ఇచ్చేది, రోడ్డు మీద ఆగిపోతే వచ్చేది, అన్నీ తీసేయించాం. ఏడెనిమిది వందలు తగ్గింది.

ఫోను పెట్టేసే ముందు అక్క స్కూటరు సంగతి అడిగాను. 2019లో కొన్నది. 2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఐదేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకుంటున్నారు కదా, ఐదేళ్లు ఎవరూ ఆ కాగితం వంక చూడరు. కార్లకైతే ఏజెంటు ఫోను చేస్తాడు, స్కూటరుకు వచ్చే కమీషన్ కోసం ఎవరు చేస్తారు? "ఉండే ఉంటుందిలే" అన్నారు బావగారు. బీరువాలోంచి తీసి చూస్తే గడువు 2024లోనే అయిపోయింది. 110 సీసీ బండికి థర్డ్ పార్టీ 714 రూపాయలు, జీఎస్టీతో 843. మేనకోడలు రోజూ దాని మీదే అక్క వెనక కూర్చుని కాలేజీకి వెళుతుంది. వెనక కూర్చునేవాళ్లకూ యాక్ట్ పాలసీ వర్తించదు కాబట్టి దానికీ ప్యాకేజీయే అడిగాం. గడువు తప్పింది గనుక ముందు బండి ఫొటోలు నాలుగు వైపుల నుంచి తీసి పంపమన్నారు. ఆ సాయంత్రమే అక్క పంపింది.